అంటురోగం ఫారంలో లేని గడి

మా వదినె ఒక యూనివర్సిటీ హాస్టల్లో ఊడ్చి, కక్కూసులు కడిగే పని చేస్తుంది. కాగితం మీద ఆ పని పేరు హౌస్ కీపింగ్. పదమూడేళ్లలో నలుగురు కాంట్రాక్టర్లు మారారు గాని ఆమె చీపురు మారలేదు. ఆమె బిడ్డ ఇంకో యూనివర్సిటీలో ఎం.ఏ. చదివింది. 2021 ఫిబ్రవరిలో, కరోనా సెలవుల తర్వాత హాస్టళ్లు తెరిచినప్పుడు, తల్లీ బిడ్డా ఒకే వారంలో ఎవరి హాస్టలుకు వాళ్లు పోయారు. ఒకరు ఊడ్వడానికి, ఒకరు ఉండడానికి.

పిల్లకు రోజూ పొద్దున సెల్‌ఫోనులో ఒక ఫారం వచ్చేది. అది నింపితేనే మెస్సులోకి రానిచ్చేవాళ్లు. ఇంగ్లీషులో పన్నెండు ప్రశ్నలు. జ్వరం ఉందా, దగ్గు ఉందా, వాసన తెలుస్తున్నదా, పద్నాలుగు రోజుల్లో రోగి దగ్గరికి పోయారా, క్యాంపస్ దాటారా, మాస్కు పెట్టుకుంటున్నారా, ఆరడుగుల దూరం పాటిస్తున్నారా, చేతులు ఎన్నిసార్లు కడుగుతున్నారు. ఒక్కో ప్రశ్న కింద గడులు. సరైన గడులు నొక్కుకుంటూ పోతే చివర ఆకుపచ్చ బొమ్మ వచ్చేది. తప్పు గడి నొక్కితే ఎర్ర బొమ్మ. ఆకుపచ్చది గేటు దగ్గర చూపిస్తేనే పళ్లెం చేతికొచ్చేది.

"మరి నీకు వచ్చిందా వదినె ఫారం?" అని అడిగాను.

"నాకు ఫారమెందుకొస్తదయ్యా, నాకు చీపురొచ్చింది" అన్నది.

జ్వరమొచ్చిన పిల్లల్ని విడిగా పెట్టిన గదుల ముందు అన్నం ప్యాకెట్లు పెట్టింది ఆమె. ఆ గదుల చెత్తబుట్టలు ఎత్తింది ఆమె. వాడి పారేసిన మాస్కులు వరండాలో నుంచి ఏరింది ఆమె. నెలకొక జత గ్లౌజులు ఇచ్చేవాళ్లు, రెండో వారానికే అవి చినిగిపోయేవి. అంటే ఆ హాస్టల్లో రోగానికి అందరికన్నా దగ్గరగా మసిలిన మనిషి ఆమె. ఆ యూనివర్సిటీ కంప్యూటర్లో మాత్రం ఆమె లేదు. "మా దగ్గర ప్రతి ఒక్కరి ప్రమాదాన్నీ ప్రతిరోజూ లెక్కగడుతున్నాం" అని వాళ్లు గేటు ముందు బోర్డు కూడా పెట్టారు. ఆ "ప్రతి ఒక్కరి"లో మా వదినె ఎందుకు లేదు? ఇదీ నా ప్రశ్న.

కరోనా పోయింది గదా, ఇప్పుడీ పాత గోడు ఎందుకు అని కొందరు మిత్రులు అనవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలోనే అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది, నిజమే. రోగం తగ్గింది గాని ఫారం అలవాటు తగ్గలేదు. మన పిల్లలుండే హాస్టళ్లలో డెంగీ ఉంది, పచ్చకామెర్లున్నాయి, టి.బి. ఉంది, గజ్జి ఎప్పుడూ ఉంది. రేపు ఇంకో కొత్త రోగం వస్తే మొట్టమొదట వచ్చేది డాక్టరు కాదు, సెల్‌ఫోనులో ప్రశ్నాపత్రం. కనుక ఈ ప్రశ్నాపత్రం సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి.

చదువుకునే పిల్లల అలవాట్లను యూనివర్సిటీలు ఇలా అడిగి రాసుకోవడం కరోనాతో మొదలు కాలేదు. అమెరికాలో కాలేజీల ఆరోగ్య సంఘం వాళ్లు 2000 సంవత్సరం నుంచి ఒక పెద్ద సర్వే నడుపుతున్నారు. మొదట్లో కాగితం మీద, తర్వాత కంప్యూటర్ల మీద. కండోము వాడుతున్నారా, టీకాలు వేయించుకున్నారా, ఎంతమందితో సంబంధం ఉంది, తాగుతారా, నిద్ర పడుతుందా - ఇవన్నీ అడుగుతారు. పేరు అడగరు. మన దేశంలో ఈ సరుకు జనానికి బాగా తెలిసింది 2020 ఏప్రిల్ 2న, ఆరోగ్య సేతు యాప్ వచ్చినప్పుడు. అందులో కూడా మనంతట మనం ప్రశ్నలకు జవాబు చెప్పుకొని మన ప్రమాదం మనమే తెలుసుకోవాలి. మే 1న కేంద్ర హోంశాఖ ఉద్యోగులందరికీ అది తప్పనిసరి అన్నది. గొడవయ్యాక మే 17న ఆ మాటను మెత్తబరిచింది. విద్యార్థులూ అధ్యాపకులూ దాన్ని పెట్టుకోవాలని యూనివర్సిటీలకు కూడా సలహాలు వచ్చాయి. అప్పటికి రెండేళ్ల కిందటి ప్రభుత్వ లెక్క, అంటే 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం, దేశంలో పల్లె ఇళ్లలో ఇంటర్నెట్ ఉన్నవి నూటికి 15 కూడా లేవు. కంప్యూటరున్న ఇళ్లు నూటికి 5 లోపే. అన్ని కులాల పల్లె ఇళ్లూ కలిపితే ఇది. వాడల్లో ఎంతో మీరే ఊహించుకోండి.

సరే, ఫోనుల లెక్క అటుంచుదాం. ఫోను లేనివాడికి ఫోనిస్తే తీరే జబ్బు కాదిది. అసలు జబ్బు ప్రశ్నలోనే ఉంది.

ఈ ఫారాలన్నీ అడిగేది ప్రవర్తన గురించి. నువ్వేం చేశావు? నువ్వు కడుక్కున్నావా? నువ్వు దూరం జరిగావా? ప్రవర్తన అనే మాట వినడానికి మర్యాదగా ఉంటుంది. దానికొక చరిత్ర కూడా ఉంది. ఎయిడ్స్ కొత్తగా బయటపడ్డప్పుడు, 1983లో, అమెరికా ప్రభుత్వ వైద్యులు ప్రమాదకరమైన "గుంపుల" జాబితా చెప్పారు. హైతీ దేశపు వాళ్లు అందులో ఒక గుంపు. రోగం పేరు మీద నల్లవాళ్ల దేశం ఒకటి మొత్తం అనుమానానికి గురైంది. దాని మీద పోరాడితే, గుంపు అనొద్దు, ప్రవర్తన అందాం అన్నారు. ఫలానా మనిషి చెడ్డ కాదు, ఫలానా పని ప్రమాదం అని. అది ముందడుగే. కాదనను. పుట్టుకతోనే మురికి అనే మాట విని విని చెవులు చిల్లులు పడ్డ మనకు ఆ తేడా విలువ తెలుసు.

అయితే ఆ అడుగు అక్కడే ఆగిపోయింది. తెలంగాణలో, రాయలసీమలో జోగినులుగా, బసివినులుగా వదిలిన ఆడబిడ్డలను తలుచుకోండి. దాదాపు అందరూ మన ఇళ్ల పిల్లలే. 1988లో ఆ దురాచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేయాల్సి వచ్చింది. అలాంటి ఒక తల్లి ముందు ఈ ఫారం పెట్టండి. "ఎంతమందితో సంబంధం?" అని అడుగుతుంది. ఆమె అంకె చెబుతుంది. ఆ అంకె ఆమె ప్రవర్తన అవుతుంది. ఆమెను పొట్టకూడు కోసం, జాతర కోసం, దొర సుఖం కోసం వదిలిన ఊరు ఎక్కడా కనిపించదు. దొరకు ఆ ఫారంలో గడి లేదు. యూనివర్సిటీ హాస్టలు ఫారం కూడా అదే తీరు. "ఆరడుగుల దూరం పాటిస్తున్నారా?" అని పిల్లను అడుగుతుంది. ఆ పిల్ల గదిలో రెండు మంచాలు పట్టే చోట నలుగురున్నారు. కింద రెండు పరుపులు, మధ్యలో ట్రంకు పెట్టెలు. ఆమె పాటించడం లేదని నొక్కితే తప్పు ఆమెది. నలుగురిని ఆ గదిలో కుక్కినవాళ్లను ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు.

ఇంతవరకు చదివి, అయితే ఈ ఫారాలను చించి పారేద్దాం అనేవాళ్లున్నారు. మన సంఘాల్లోనే ఉన్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

1995లో అమెరికాలో 15 నుంచి 19 ఏళ్ల మగపిల్లల మీద ఒక సర్వే జరిగింది. హెచ్‌ఐవి ఎట్లా అంటుకునే అవకాశముందో తెలుసుకోవడానికి. కొందరికి కాగితం ఇచ్చి రాయమన్నారు. కొందరికి కంప్యూటరిచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. ప్రశ్న చెవిలో వినిపిస్తుంది, పిల్లవాడు మీట నొక్కుతాడు, పక్కనున్నవాడికి తెలియదు. మగవాళ్లతో సంబంధం ఉందని కాగితం మీద ఒప్పుకున్నది నూటికి ఒకటిన్నర మంది. కంప్యూటరుకు చెప్పింది నూటికి అయిదున్నర మంది. మూడింతలకు పైగా! 1998లో ఈ ఫలితం అచ్చయింది. మనిషి ముఖం చూసి చెప్పలేని నిజాన్ని మిషనుకు చెప్పారు.

ఇది మనకెంత ముఖ్యమో ఆలోచించండి. మన వాడకు సర్వేకు వచ్చేదెవరు? మాట్లాడుతూనే ఇంటిపేరు అడిగేవాళ్లు, గడప ఇవతలే నిలబడి మాట్లాడేవాళ్లు. వాళ్ల ముందు మన ఆడపిల్ల తెల్లబట్ట గురించి చెబుతుందా? మన పిల్లవాడు తనకు టి.బి. మందు నడుస్తున్నదని చెబుతాడా? మిషనుకు కులం తెలియదు. దానికి ఇంటిపేరు చెప్పనక్కరలేదు. ఇంకో సంగతి, అది చెవిలో మాట్లాడుతుంది. అంటే అక్షరం ముక్క రాని మా వదినె కూడా జవాబు చెప్పగలదు, ప్రశ్నలు తెలుగులో పలికితే. ముప్పై ఏళ్ల కిందటే ఉన్న పద్ధతి ఇది. మన యూనివర్సిటీలకు యాప్ కొనడానికి డబ్బులుంటాయి, ప్రశ్నను తెలుగులో పలికించడానికి మాత్రం మనసు రాదు.

మిషనుకు నిజం చెప్పాలంటే మాత్రం ఒక షరతుంది. చెప్పిన నిజం తిరిగొచ్చి మన మెడకు చుట్టుకోకూడదు. అమెరికా కాలేజీ సర్వేలో పేరు లేదు, హెడ్‌ఫోన్ల పిల్లలకు శిక్ష లేదు. మా పిల్ల ఫారంలో మొట్టమొదటి గడి ఏందో తెలుసా? రోల్ నంబరు. రోల్ నంబరు కొడితే పేరు వస్తుంది, పేరుతో స్కాలర్‌షిప్ కేటగిరీ వస్తుంది. అంటే ఆ మిషనుకు మన కులం నేర్పి మరీ కూర్చోబెట్టారు.

మా పిల్లకు ఆ మార్చిలో రెండు రోజులు జ్వరమొచ్చింది. రెండు రోజులూ "జ్వరం లేదు" అని నొక్కింది. తర్వాత నాతో చెప్పింది. "ఉందని నొక్కితే ఇంటికి పంపిస్తరు చిన్నాయనా. ఇంట్లో ఒక్కటే అర్ర. అమ్మకంటుకుంటే అమ్మ పని పోతది. నేను మళ్లొస్తే నా మంచం నాకిస్తరో లేదో" అన్నది. నేను కోప్పడలేకపోయాను. హాస్టలు మంచం మనకు ఉత్త మంచం కాదు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములనూ ఇంకో నలుగురు దళిత విద్యార్థులనూ హాస్టలు నుంచి వెళ్లగొట్టిన తర్వాత ఏం జరిగిందో 2016 జనవరిలో దేశమంతా చూసింది. హాస్టలు నుంచి గెంటడమంటే చదువు నుంచి గెంటడమని మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆమె జ్వరం మామూలు జ్వరమో కరోనానో ఇప్పటికీ మాకు తెలియదు. కరోనానే అయి ఉంటే ఆ గదిలో మిగతా ముగ్గురి సంగతేమిటి? ఆ మాట ఆమెనూ తొలుస్తూనే ఉంది. తప్పు చేశానా అని ఇప్పటికీ అడుగుతుంది.

ఇటువంటి అబద్ధం మన పేద పిల్లల సొత్తే అనుకోకండి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కథ వినండి. అమెరికాలో అర్బానా-షాంపేన్ అనే జంట ఊళ్లలో ఉన్న పెద్ద యూనివర్సిటీ అది, నలభై వేల మందికి పైగా విద్యార్థులు. 2020 ఆగస్టు 24న క్లాసులు మొదలుపెట్టారు. తమ సొంత ప్రయోగశాలలో తయారు చేసుకున్న ఉమ్మి పరీక్ష వారానికి రెండుసార్లు. చదువుకునేవాళ్లకే కాదు, క్యాంపస్‌కు వచ్చే ఉద్యోగులకు కూడా. ఈ ఒక్క విషయంలో మనవాళ్ల కన్నా వాళ్లు నయం. సేఫర్ ఇల్లినాయ్ అనే యాప్‌లో ఫలితం వస్తుంది, అది చూపిస్తేనే భవనంలోకి ప్రవేశం. నైజల్ గోల్డెన్‌ఫెల్డ్, అహ్మద్ ఎల్‌బన్నా అనే ప్రొఫెసర్లు కంప్యూటరు మీద లెక్కలు కట్టారు. పిల్లలు పార్టీలు చేసుకుంటారని, కొందరు మాస్కు పెట్టుకోరని కూడా లెక్కలో వేసుకున్నారు. నవంబరు చివరి దాకా మొత్తం మీద 700 కేసులు రావచ్చన్నారు. రెండు వారాలు తిరక్కముందే 700 దాటిపోయాయి.

ఎక్కడ తప్పింది లెక్క? రోగముందని తెలిసిన పిల్లలు కూడా పార్టీలకు పోతారని, ఆరోగ్యశాఖ వాళ్లు ఫోను చేస్తే ఎత్తరని వాళ్లు ఊహించలేదు. సెప్టెంబరు మొదట్లో రెండు వారాల పాటు డిగ్రీ పిల్లలను అవసరమైతే తప్ప బయటకు రావద్దన్నారు. తర్వాత కేసులు తగ్గాయి. పరీక్షలు అన్నిసార్లు చేయబట్టే తప్పు తొందరగా బయటపడింది, ఆ గొప్ప వాళ్లకు ఇవ్వాల్సిందే. ఉత్త ప్రశ్నల మీద ఆధారపడి ఉంటే ఇంకా ఎన్ని వారాలకు తెలిసేదో.

అక్కడ కలిగినవాళ్ల పిల్లవాడు పార్టీ పోతుందని దాచాడు. ఇక్కడ మా పిల్ల మంచం పోతుందని దాచింది. ఫారంలో ఇద్దరి జవాబూ ఒక్కటే, "కాదు" అనే గడి. ఇద్దరినీ ఒకే గాటన కట్టి "విద్యార్థుల బాధ్యతారాహిత్యం" అని రిపోర్టు రాసేవాడు శాస్త్రజ్ఞుడు కాదు. మా పిల్ల అబద్ధాన్ని మాన్పించాలంటే ఉపన్యాసం పనికిరాదు. రోగం చెప్పుకున్నవాళ్ల మంచం ఎక్కడికీ పోదని, క్యాంపస్‌లోనే విడి గది, అన్నం, మందు ఇస్తామని ముందే కాగితం మీద రాసి గోడకు అంటించాలి. అప్పుడడగండి జ్వరముందా అని.

ఇంకొక సంగతి. అందరూ నిజమే చెప్పారనుకుందాం. అప్పుడైనా ఈ ప్రశ్నలకు రోగం దొరుకుతుందా? అదే 2020 వేసవిలో అమెరికా సైన్యంలో కొత్తగా చేరే 1848 మంది కుర్రవాళ్లను దక్షిణ కరోలినాలో ఖాళీగా ఉన్న ఒక కాలేజీ క్యాంపస్‌లో ఉంచి గమనించారు. రోజూ జ్వరం చూశారు, రోజూ లక్షణాలు అడిగారు. కొన్ని రోజులకొకసారి ముక్కు పరీక్ష చేశారు. ముక్కు పరీక్షల్లో 51 మందికి కరోనా ఉన్నట్టు తేలింది. వాళ్లలో 46 మందికి ఏ లక్షణమూ లేదు. రోజూ అడిగే ప్రశ్నలు పట్టిచ్చింది ఎంతమందిని? ఒక్కరిని కూడా కాదు. మిలిటరీ క్రమశిక్షణ కింద, సార్జెంట్ల కళ్ల ముందు జరిగిన సంగతి ఇది. గేటు దగ్గర ఆకుపచ్చ బొమ్మ చూసి లోపలికి పంపే మన వాచ్‌మన్ ఎంతటివాడు?

మరి ప్రశ్నలెందుకు అని మళ్లీ అడగకండి. మనిషి ఒంట్లో రోగముందా అన్నది పరీక్ష చెప్పాలి. రోగం ఏ దారిన పాకుతుంది అన్నది ప్రశ్న చెప్పగలదు. ఆ దారి తెలిసిన వాళ్లను, ఆ దారిని గురించి అడగాలి. అంతే.

దారి అంటే ఏందో మద్రాసు ఐఐటిలో చూడండి. తెలుగు పిల్లలు చాలామంది చదువుకునే చోటు కనుక మనకు దూరం కాదది. 2020 డిసెంబరులో అక్కడ హాస్టళ్లలో పదో వంతు మంది పిల్లలే ఉన్నారు. అయినా డిసెంబరు 14 నాటికి 100 మందికి పైగా కరోనా సోకింది. మెస్ కార్మికులకూ సోకింది. క్లాసులూ ప్రయోగశాలలూ మూసేశారు. పిల్లలు మాస్కులు లేకుండా తిరిగారు, గుంపులు కట్టారు అని మొదట అందరూ ప్రవర్తన మీదనే పడ్డారు. పిల్లలేమన్నారంటే, హాస్టళ్లన్నిటికీ కలిపి ఒక్క మెస్సే నడిపారు, మూసిన హాల్లో అందరం ఒక్కచోటే మాస్కు తీసి తినాల్సి వచ్చింది అన్నారు. అధికారుల చూపూ చివరికి మెస్ మీదనే పడింది. తర్వాత అన్నం ప్యాకెట్లు కట్టి గదులకు పంపించారు. ఆ పనేదో ముందే చేయొచ్చు గదా? "ఒక పూటకు ఎంతమంది ఒక గదిలో తింటున్నారు? కిటికీలు తెరిచి ఉంటాయా?" అని ఒక్క ప్రశ్న ఆ పిల్లలను అడిగి ఉంటే చెప్పేవాళ్లు.

ఇదే ఐఐటిలో రెండేళ్ల ముందు, 2018 డిసెంబరులో, ఒక మెస్సులో శాకాహారులకు వేరే వాకిలి, చేతులు కడుక్కోవడానికి వేరే తొట్టి అని కాగితాలు అంటించిన సంగతి గుర్తుందా? అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ పిల్లలు బయటపెట్టి గొడవ చేస్తే ఆ కాగితాలు తీసేశారు. చూడండి చిత్రం. మాంసం తిన్న చెయ్యి తాకుతుందన్న మైల భయానికి వాకిళ్లు రెండయ్యాయి, తొట్లు రెండయ్యాయి. నిజంగా ఊపిరితిత్తులు తినే రోగం వచ్చిననాడు అందరికీ ఒక్కటే మెస్సు మిగిలింది. మైలకూ రోగానికీ తేడా తెలియని దేశం మనది. "అంటు" అనే మాట చూడండి. రోగానికీ అదే, మనకూ అదే. అంటురోగం, అంటరానివాడు. రోగం మనిషి నుంచి మనిషికి గాలిలో పోతుంది, కులం అడగకుండా పోతుంది. అంటు మాత్రం కిందికే పారుతుంది, చీపురు పట్టిన చేతుల దాకా వచ్చి ఆగుతుంది.

అందుకే "సామాజిక దూరం పాటించండి" అని 2020లో మైకుల్లో చెప్పినప్పుడు మనకు ఒళ్లు మండింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లే ఆ మార్చిలోనే ఆ మాట మార్చుకొని "భౌతిక దూరం" అన్నారు. మనవాళ్లకు పాత మాటే ముద్దుగా ఉండి చాలాకాలం వదలలేదు. హోటల్లో రెండో గ్లాసు, బావి దగ్గర రెండో గట్టు, బడిలో వెనక వరస - ఈ దూరాలు మనకు ఎవరూ యాప్‌లో నేర్పలేదు. దూరం పాటించమని ఫారం అడిగినప్పుడు మా వదినె ఉంటే ఏం నొక్కాలి? ఆమెకు అందరూ దూరమే. ఆమె మాత్రం అందరి ఎంగిలికీ దగ్గర.

కనుక మనం అడగాల్సింది ఇది. యూనివర్సిటీలో గాని, గురుకులంలో గాని, సంక్షేమ హాస్టల్లో గాని ఇటువంటి ప్రశ్నలు వచ్చినప్పుడు మన విద్యార్థి సంఘాలు ముందు ప్రశ్నాపత్రాన్ని చేతికి తీసుకొని చదవాలి. రోల్ నంబరు ఎందుకని అడగాలి. చికిత్స కోసమైతే డాక్టరు దగ్గర ఉండాలి, వార్డెన్ దగ్గర కాదు. అలవాట్లు తెలుసుకోవడానికైతే అసలు అక్కరలేదు. హెచ్‌ఐవి విషయంలో 2017 చట్టం ఉంది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, రోగముందని బడి నుంచి, పని నుంచి తీసేయకూడదు, గుట్టు బయటపెట్టకూడదు అని అందులో ఉంది. ఆ రక్షణ ఒక్క రోగానికే ఎందుకుండాలి? 2023లో వ్యక్తిగత సమాచారం మీద ఒక చట్టం చేశారు గాని, సర్కారుకు తన పనుల కోసం పెద్ద పెద్ద మినహాయింపులు ఇచ్చుకుంది. సర్కారీ హాస్టలు పిల్లలు దాన్ని నమ్ముకొని కూర్చోలేరు. మన కమిటీలే కాపలా ఉండాలి.

ఆ తర్వాత, విద్యార్థిని ఎన్ని ప్రశ్నలు అడుగుతారో యాజమాన్యాన్నీ అన్ని ప్రశ్నలు అదే ఫారంలో అడగాలి. గదికి ఎంతమంది? ఎంతమందికి ఒక నల్లా? ఆ నల్లాలో ఏ గంట నుంచి ఏ గంట దాకా నీళ్లు? సబ్బు ఎవరు కొంటారు? చేతులు ఎన్నిసార్లు కడిగావని అడిగేవాడు ముందు ఈ లెక్క చెప్పాలి. వచ్చిన జవాబులన్నీ కలిపి, పేర్లు లేకుండా, హాస్టలు వారీగా నోటీసు బోర్డులో పెట్టాలి. మన నోటితో చెప్పించుకున్న లెక్క మనకే చూపించకపోతే అది ఆరోగ్యం కాదు, నిఘా.

ఊడ్చేవాళ్లు, వండేవాళ్లు, వాచ్‌మన్లు కూడా జవాబు చెప్పాలి. వాళ్ల భాషలో, చెవికి వినిపించేట్టు, కాంట్రాక్టరు పక్కన లేనప్పుడు. జ్వరమొచ్చిందని చెప్పిన రోజుకు కూలి కోస్తే మాత్రం మళ్లీ అదే అబద్ధం, మా పిల్ల నొక్కిన గడే వాళ్లూ నొక్కుతారు. జ్వరం రోజుల కూలి కట్టే జీవో లేకుండా ఫారం పంపడం దండగ.

మొన్న పండుగకు ఇంటికి పోయినప్పుడు ఈ సంగతులన్నీ వదినెతో మాట్లాడాను. "నిన్నే ఫారం రాయమంటే ఏమడుగుతవు?" అన్నాను. కాసేపు నవ్వింది. తర్వాత ఒక్కటొక్కటే చెప్పింది. బూట్లు ఇచ్చిన్రా? గ్లౌజులు చినిగితే మళ్లిచ్చిన్రా? జ్వరమొచ్చిన గది ఏదో ఊడ్వకముందు చెప్పిన్రా, ఊడ్చినంక చెప్పిన్రా? పని కాంగనే స్నానం చేయనీకి మాకు నీళ్లున్న అర్ర ఉన్నదా? మేం తాగే నీళ్లు పిల్లలు తాగే కూలర్లవేనా, కక్కూసు నల్లావా? సూది మొదలు ఎవరికేసిన్రు?

పిల్ల వాటిని తెలుగులోనే కాగితం మీద రాసింది. మొత్తం తొమ్మిదయ్యాయి. వదినెతో పాటు ఊడ్చే ఏడుగురితో వేలిముద్రలు, సంతకాలు పెట్టించి, తల్లి పనిచేసే హాస్టలుకు తనే పోయి వార్డెన్‌కు ఇచ్చింది. తీసుకున్నట్టు సంతకం పెట్టమని అడిగితే, కాగితం వెనక్కిచ్చి, "వాట్సాప్‌లో పంపమ్మా, చూస్తా" అన్నాడట. పంపింది. చూసినట్టు రెండు నీలిగీతలు వచ్చాయి. జవాబు కోసం వచ్చే సోమవారం ఎనిమిది మందీ కలిసి పోతున్నారు.